విశాఖలో ప్రాక్టీసు పెట్టేవాళ్లకి: ప్రొప్రైటర్‌షిప్, పార్ట్‌నర్‌షిప్, ఎల్‌ఎల్‌పీ, కంపెనీల్లో ఏది ఎంచుకోవాలి, ఎలా పెట్టాలి?

డాక్టర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఆర్కిటెక్టులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎల్‌ఎల్‌పీ పెట్టమంటారా, పార్ట్‌నర్‌షిప్ చాలంటారా?" ద్వారకానగర్‌లోనో సిరిపురంలోనో ఆఫీసు అద్దెకు మాట్లాడేసి, అడ్వాన్సు ఇచ్చి, బోర్డు కూడా రాయించాక అడిగేవాళ్లే ఎక్కువ. ఆ ప్రశ్న అంతకన్నా చాలా ముందే రావాలి. ప్రొప్రైటర్‌షిప్ అంటే ఒక్కరి సొంత సంస్థ. ఎల్‌ఎల్‌పీ అంటే లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, పార్ట్‌నర్ల సొంత బాధ్యతకు చట్టం హద్దు పెట్టిన పార్ట్‌నర్‌షిప్.

కిరాణా హోల్‌సేల్ పెట్టేవాడికీ, మీకూ ఒక పెద్ద తేడా ఉంది. మీ లైసెన్సు మీ పేరు మీద ఉంటుంది. ఏ సంస్థ పెట్టినా అది సంస్థకు బదిలీ కాదు. అందుకే మొదట కౌన్సిల్ (మీ వృత్తిని నియంత్రించే సంస్థ) నియమం, తర్వాత బాధ్యత, ఆ తర్వాతే పన్ను చూడాలి. చాలామంది పన్ను దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు. చిక్కులన్నీ అక్కడే పుడతాయి.

1. మీ కౌన్సిల్ ఏం ఒప్పుకుంటుందో ముందు చూడండి

లాయర్లు: బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం లాయరు కానివారితో ఫీజు పంచుకునే ఏ ఏర్పాటూ చేసుకోకూడదు. తమ్ముడినో భార్యనో పార్ట్‌నర్‌గా చూపించాలంటే వాళ్లూ ఎన్‌రోల్ అయిన లాయర్లై ఉండాలి. కాబట్టి మీకున్న దారులు: ఒంటరి ప్రాక్టీసు, లేదా లాయర్లు మాత్రమే ఉన్న పార్ట్‌నర్‌షిప్, లేదా లాయర్లు మాత్రమే ఉన్న ఎల్‌ఎల్‌పీ.

కుటుంబ వ్యాపారంలో స్లీపింగ్ పార్ట్‌నర్‌గా, అంటే వాటా ఉండి పనిలో పాల్గొననివారుగా, ఉండొచ్చు. అయితే ఆ వ్యాపారం వృత్తి గౌరవానికి తగనిదని రాష్ట్ర బార్ కౌన్సిల్ అనుకోకూడదు. కంపెనీ బోర్డులో డైరెక్టరుగా కూర్చోవచ్చు కానీ రోజువారీ నిర్వహణ చేయకూడదు. మేనేజింగ్ డైరెక్టర్, సెక్రటరీ పదవులు అసలు కుదరవు. నాన్నగారి ప్రైవేట్ లిమిటెడ్‌లో మేనేజింగ్ డైరెక్టర్‌గా పేరుండి, కోర్టులో వకాల్తా వేసేవాళ్లు ముందు ఈ సంగతి సరిచేసుకోవాలి.

చార్టర్డ్ అకౌంటెంట్లు: ప్రొప్రైటర్, పార్ట్‌నర్‌షిప్, ఎల్‌ఎల్‌పీ మూడూ కుదురుతాయి. ఫర్మ్ పేరుకు ముందుగా ఇన్‌స్టిట్యూట్ ఆమోదం కావాలి. కంపెనీ రూపంలో ఆడిట్ చేయడం కుదరదు. 2013 కంపెనీల చట్టం 141వ సెక్షన్ ప్రకారం ఎల్‌ఎల్‌పీ తప్ప వేరే బాడీ కార్పొరేట్‌ను (కంపెనీ లాంటి సంస్థను) ఆడిటర్‌గా పెట్టుకోకూడదు.

సీఏలకు ఫర్మ్ పెట్టడానికి గట్టి కారణం ఇంకొకటుంది. లిస్టెడ్ కంపెనీలకు, మరికొన్ని నిర్దేశిత తరగతుల కంపెనీలకు 139వ సెక్షన్ ప్రకారం ఒంటరి ఆడిటర్ వరసగా ఒక్క 5 ఏళ్ల టర్మ్ మాత్రమే ఉండగలడు. ఫర్మ్ అయితే రెండు టర్మ్‌లు ఉండొచ్చు. మీ లక్ష్యం పెద్ద ఆడిట్లు, బ్యాంకు ఆడిట్లు అయితే ఫర్మ్ వయసు కూడా లెక్కలోకి వస్తుంది కనుక ఆలస్యం చేయకండి.

డాక్టర్లు: వైద్యం చేసే హక్కు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యక్తిదే. కానీ ఆసుపత్రి నడిపే సంస్థ కంపెనీ అయినా, ఎల్‌ఎల్‌పీ అయినా, పార్ట్‌నర్‌షిప్ అయినా ఫర్వాలేదు. అందులో డాక్టరు కానివారు వాటాదారులుగా ఉండటం మామూలే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: పేషెంటును పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం 2002 వృత్తి నియమావళి ప్రకారం తప్పు. "రెఫర్ చేసినవారికి ఇంత శాతం" అనే క్లాజు ఏ ఒప్పందంలోనూ కనిపించకూడదు, వేరే పేరుతో కూడా.

ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు: 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం 37వ సెక్షన్ "ఆర్కిటెక్ట్" అనే బిరుదును రక్షిస్తుంది. రిజిస్టర్ అయిన ఆర్కిటెక్టులు, ఆర్కిటెక్టుల ఫర్మ్‌లు మాత్రమే దాన్ని వాడాలి. ఈ సెక్షన్ కాపాడేది బిరుదునే, డిజైన్ పని మొత్తాన్ని కాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కాబట్టి ఒక ఆర్కిటెక్టు, ఒక సివిల్ ఇంజనీరు కలిసి ఫర్మ్ పెట్టొచ్చు. పేరులో "ఆర్కిటెక్ట్స్" అని రాయకుండా "డిజైన్ కన్సల్టెంట్స్" లాంటి మాట పెట్టుకోండి. సివిల్ ఇంజనీర్లకు ఇలాంటి కేంద్ర కౌన్సిల్ లేదు. జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు) ప్లాన్లు పెట్టే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ గుర్తింపు మాత్రం వ్యక్తిదే.

సీఏ, లాయరు ఒకే ఫ్లోరులో కూర్చుంటే క్లయింటుకు సౌకర్యం. అలా కూర్చోవచ్చు, కానీ ఒకే ఫర్మ్ కుదరదు, బార్ నియమం అడ్డొస్తుంది. అద్దె, కరెంటు మాత్రమే పంచుకోండి. బోర్డులు, బిల్ బుక్కులు, బ్యాంకు ఖాతాలు వేరుగా ఉంచండి.

2. తప్పు జరిగితే ఎవరి ఆస్తి మీదికి వస్తుంది?

"ఎల్‌ఎల్‌పీ పెడితే నా ఇల్లు సేఫ్ కదా?" అని అడుగుతారు. సగమే నిజం.

మీ చేతి పనిలో మీరు చేసిన నిర్లక్ష్యానికి మీరే బాధ్యులు, ఏ రూపంలో ఉన్నా. 2008 ఎల్‌ఎల్‌పీ చట్టం 28వ సెక్షన్ ఈ మాట స్పష్టంగానే చెబుతుంది. ఎల్‌ఎల్‌పీ ఇచ్చే రక్షణ వేరు: మీ పార్ట్‌నర్ చేసిన తప్పుకు మీ సొంత ఆస్తి పోదు. సంస్థ అప్పులు సంస్థ ఆస్తి దాకే ఆగుతాయి.

మామూలు పార్ట్‌నర్‌షిప్‌లో అలా కాదు. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఫర్మ్ చేసిన ప్రతి పనికీ ప్రతి పార్ట్‌నర్ విడిగానూ, ఉమ్మడిగానూ బాధ్యుడు. గాజువాక బ్రాంచిలో మీ పార్ట్‌నర్ సంతకం పెట్టిన కాగితానికి ఎంవీపీ కాలనీలోని మీ ఫ్లాటు జవాబు చెప్పాల్సి రావచ్చు. ఇద్దరు ముగ్గురు ఒకే గదిలో పనిచేస్తూ ఒకరి ఫైలు ఒకరు చూసుకునే ఫర్మ్‌కు ఈ భయం తక్కువ. బ్రాంచీలు, కొత్త పార్ట్‌నర్లు వచ్చే ఫర్మ్‌కు ఎక్కువ.

రక్షణ ఎక్కడ తెగిపోతుందో కూడా తెలియాలి. స్కానింగ్ మెషీన్ లోనుకు బ్యాంకు మీ పర్సనల్ గ్యారంటీ అడుగుతుంది. మీరు సంతకం పెడతారు. ఆ అప్పు వరకు ఎల్‌ఎల్‌పీ అయినా, కంపెనీ అయినా మీకు ఒకటే.

వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మే నెలలో చెప్పింది. అందువల్ల ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (వృత్తిలో పొరపాటుకు పరిహారం కట్టాల్సి వస్తే ఆదుకునే బీమా) డాక్టర్లకు అత్యవసరం, మిగతావారికి అవసరం. సంస్థ పెట్టాక పాలసీలో సంస్థ పేరు కూడా చేర్పించండి. పాత పాలసీ మీ ఒక్కరి పేరు మీదే ఉండి, నోటీసు ఆసుపత్రి పేరు మీద వస్తే ఇబ్బంది పడతారు.

3. పన్ను లెక్క కాగితం మీద వేసి చూడండి

మాటల్లో చెబితే అందరికీ అన్నీ లాభంగానే కనిపిస్తాయి. అంకెలు వేయండి.

సీతమ్మధారలో ఇద్దరు ఆర్కిటెక్టులు అనుకుందాం. ఒక్కొక్కరికి ఏడాదికి 18 లక్షల ఫీజు వస్తుంది, అందులో సగం ఖర్చులు.

విడివిడిగా ప్రొప్రైటర్లుగా ఉంటే: పాత చట్టంలో 44ఏడీఏ అని పిలుచుకునే ప్రిజంప్టివ్ పద్ధతిలో, అంటే ఖర్చుల లెక్క లేకుండా ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపించే పద్ధతిలో, ఒక్కొక్కరు 9 లక్షల ఆదాయం చూపిస్తారు. 2025-26 కొత్త విధానం రేట్లలో 12 లక్షల వరకు రిబేటు ఉంది. ఇద్దరికీ పన్ను సున్నా.

కలిసి పార్ట్‌నర్‌షిప్ పెట్టి, అదే ప్రిజంప్టివ్ పద్ధతి ఎంచుకుంటే: ఫర్మ్ ఆదాయం 18 లక్షలు. ఫర్మ్‌కు స్లాబులు లేవు, నేరుగా 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. మొత్తం 5,61,600 రూపాయలు. ఈ పద్ధతిలో పార్ట్‌నర్ల జీతాలను మళ్లీ తగ్గించుకోనివ్వరు.

అదే ఫర్మ్ పుస్తకాలు సరిగ్గా రాసి మామూలు పద్ధతిలో వెళితే: 18 లక్షల బుక్ ప్రాఫిట్‌లో (పుస్తకాల ప్రకారం తేలే లాభంలో) మొదటి 6 లక్షల మీద 90 శాతం, మిగతా దాని మీద 60 శాతం పార్ట్‌నర్ల రెమ్యునరేషన్‌గా (పనికి ఇచ్చే జీతంగా) ఇవ్వొచ్చు. అంటే 5.4 లక్షలు, 7.2 లక్షలు కలిపి 12.6 లక్షలు. ఒక్కొక్కరికి 6.3 లక్షలు, దాని మీద వాళ్లకు పన్ను పడదు. ఫర్మ్‌కు మిగిలిన 5.4 లక్షల మీద పన్ను 1,68,480 రూపాయలు. డీడ్‌లో (పార్ట్‌నర్‌షిప్ ఒప్పంద పత్రంలో) రాసుకుని మూలధనం మీద 12 శాతం మించకుండా వడ్డీ ఇస్తే ఇది ఇంకొంచెం తగ్గుతుంది.

ఇక జీఎస్టీ. మన రాష్ట్రంలో సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. విడిగా ఉన్నప్పుడు ఇద్దరూ పరిమితి లోపలే. ఫర్మ్ అయ్యాక 36 లక్షలు, అంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఫీజు మీద 18 శాతం. ఇల్లు కట్టుకునే మామూలు క్లయింటుకు ఆ 18 శాతం వెనక్కి రాదు, అతని జేబులోంచే పోతుంది. ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని తమ జీఎస్టీలో తగ్గించుకోవడం) తీసుకునే వీలున్న కంపెనీలు మీ క్లయింట్లయితే పెద్దగా పట్టించుకోరు.

చిన్న ప్రాక్టీసులో పన్ను కోసమే ఫర్మ్ పెట్టడం దండగ. నా మాట గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే ఆ ఒక్క కారణంతో డీడ్ రాయించుకునేవాళ్లు ఎక్కువ.

లాయర్ల జీఎస్టీ దారి వేరు. క్లయింటు వ్యాపార సంస్థ అయితే రివర్స్ చార్జ్ కింద ఆ సంస్థే కడుతుంది. డాక్టర్ల వైద్య సేవలకు మినహాయింపు ఉంది, కానీ అందం కోసం చేసే కాస్మెటిక్ ప్రొసీజర్లకు లేదు.

ప్రిజంప్టివ్ పద్ధతి వ్యక్తులకు, మామూలు పార్ట్‌నర్‌షిప్‌లకే. ఎల్‌ఎల్‌పీకి వర్తించదు. పరిమితి 50 లక్షలు. నగదు వసూళ్లు 5 శాతం దాటకపోతే 75 లక్షలు.

కంపెనీకి 22 శాతం రేటు ఎంచుకుంటే సర్‌చార్జి, సెస్‌తో 25.17 శాతం పడుతుంది. తక్కువేనని సంబరపడకండి. డబ్బు డివిడెండ్‌గా మీ చేతికి వస్తే మళ్లీ మీ స్లాబులో పన్ను పడుతుంది. లాభాన్ని లోపలే ఉంచి కొత్త బ్లాకు కట్టే ఆసుపత్రికి ఇది లాభం. నెల నెలా ఇంటికి తీసుకెళ్లే డాక్టరుకు కాదు.

4. ఎవరికి ఏది

ఒక్కరే, ఫీజు 50 లక్షల లోపు, పెద్ద అప్పులు లేవు: ప్రొప్రైటర్‌షిప్. వేరే ఏదీ ఆలోచించకండి.

ఇద్దరు ముగ్గురు, ఒకరి పని ఒకరికి తెలుసు, ఒకే ఆఫీసు: రిజిస్టర్ చేసిన పార్ట్‌నర్‌షిప్.

బ్రాంచీలు, వయసులో తేడా ఉన్న పార్ట్‌నర్లు, మనుషులు వస్తూ పోతూ ఉండే ఫర్మ్: ఎల్‌ఎల్‌పీ. పార్ట్‌నర్ మారినా సంస్థ ఆగదు.

బెడ్లు, మెషీన్లు, బయటి పెట్టుబడి ఉన్న ఆసుపత్రి లేదా డయాగ్నస్టిక్ సెంటర్: ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ.

5. దరఖాస్తుకు ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మన దగ్గర ఎక్కువ దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఇంటిపేరు వల్ల. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా ముందు, పాన్‌లో పూర్తిగా చివర. పెళ్లయిన డాక్టరమ్మలకు కౌన్సిల్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. డిజిటల్ సంతకం పాన్ పేరు మీద వస్తుంది, కౌన్సిల్ ఆమోదం సర్టిఫికెట్ పేరు మీద వస్తుంది, రెండూ కలవవు. ముందు పాన్, ఆధార్ ఒకటి చేయండి. కౌన్సిల్ రికార్డు మార్చడానికి టైం పడుతుంది కాబట్టి ఆ పని మొదటి రోజే మొదలుపెట్టండి.

రెండో చిక్కు ఆఫీసు చిరునామా. అమ్మగారి పేరు మీద ఉన్న ఫ్లాటులో ఆఫీసు పెడితే అమ్మగారి నుంచి అభ్యంతరం లేదని లేఖ కావాలి. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు పేరు, ఇంటి పన్ను రసీదు పేరు, లేఖ మీద పేరు కలవాలి. తాతగారి పేరు మీద బిల్లు వస్తూ ఉంటే ముందు పేరు మార్పించండి. కనెక్షన్ గృహ కేటగిరీ నుంచి వాణిజ్య కేటగిరీకి మార్చుకోండి. అపార్ట్‌మెంటు అయితే అసోసియేషన్‌తో ముందే మాట్లాడండి.

చెక్‌లిస్టు:
• కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అవసరమైతే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్, రెన్యువల్ బాకీ లేకుండా
• పాన్, ఆధార్, రెండింటిలో ఒకే పేరు, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు
• రెండు నెలలు దాటని కరెంటు బిల్లు, ఓనరు లేఖ
• అద్దె అగ్రిమెంటు. మన రాష్ట్రంలో అద్దె కాలం ఏడాది లోపైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి
• మూడు పేర్ల ఎంపిక, ఒకటే పెట్టుకుని కూర్చోవద్దు
• ఇప్పటికే ఎక్కడైనా ఉద్యోగం ఉంటే అక్కడి అనుమతి

పేరు విషయంలో న్యూమరాలజీ చూసేవాళ్లు కౌన్సిల్‌కు పంపక ముందే చూసుకోండి. ఆమోదం వచ్చాక ఒక అక్షరం మార్చినా మొత్తం మొదటికి వస్తుంది.

6. ప్రొప్రైటర్‌షిప్ అయితే

ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ అంటూ లేదు. మీ పాన్‌యే సంస్థ పాన్. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) తీసుకోండి, ఉచితం. కంపెనీ క్లయింట్లు బిల్లు ఆలస్యం చేస్తే చిన్న సంస్థలకు చట్టం ఇచ్చే 45 రోజుల గడువు అప్పుడు పనికొస్తుంది. కరెంటు అకౌంట్ విడిగా తెరవండి. ఇంటి ఖర్చులు అందులోంచి తీయకండి. వృత్తి పన్ను రిజిస్ట్రేషన్ మర్చిపోకండి, రాజ్యాంగం ప్రకారం ఏడాదికి గరిష్ఠంగా 2,500 రూపాయలే.

7. పార్ట్‌నర్‌షిప్: డీడ్ మీదే ఎక్కువ టైం పెట్టండి

స్టాంపు వెండరు దగ్గర దొరికే రెడీమేడ్ డీడ్ వృత్తి ఫర్మ్‌లకు సరిపోదు. అది వ్యాపారుల కోసం రాసింది. డీడ్‌లో రాయకుండా వదిలేసిన ప్రతిచోటా 1932 చట్టం తన నియమాన్ని పెడుతుంది, అది మీకు నచ్చకపోవచ్చు. వాటా రాయకపోతే అందరికీ సమానం. 20 ఏళ్ల సీనియర్‌కూ, మొన్న చేరిన జూనియర్‌కూ ఒకే వాటా. చనిపోతే ఏం చేయాలో రాయకపోతే 42వ సెక్షన్ ప్రకారం ఫర్మ్ రద్దవుతుంది.

తప్పకుండా ఉండాల్సిన క్లాజులు ఇవి.

రెమ్యునరేషన్: ఎవరు వర్కింగ్ పార్ట్‌నరో పేరుతో, ఎంత ఇవ్వాలో అంకెతోనో లెక్కకట్టే పద్ధతితోనో రాయాలి. "పార్ట్‌నర్లు అనుకున్నంత" అని రాస్తే ఆదాయపు పన్ను అధికారి ఒప్పుకోరు. డీడ్ తేదీకి ముందు కాలానికి ఇచ్చింది కూడా చెల్లదు.

క్లయింటు ఎవరివాడు: విడిపోయినప్పుడు గొడవంతా దీని మీదే. ఎవరు తెచ్చిన క్లయింటు వాళ్లతో వెళతారా, ఫర్మ్‌తో ఉంటారా, ఫైళ్ల కాపీలు ఎవరికి, ఫర్మ్ పేరు ఎవరికి. స్నేహంగా ఉన్నప్పుడే రాసుకోండి. అడగడానికి మొహమాటపడే విషయం ఇదే, అందుకే మొదట అడగాల్సిందీ ఇదే.

బయటికి వెళ్లే పద్ధతి: ఎన్ని నెలల నోటీసు, రావాల్సిన ఫీజులో వాటా ఎంత, ఎన్ని వాయిదాల్లో.

లైసెన్సు పోతే: కౌన్సిల్ ఎవరి రిజిస్ట్రేషన్‌నైనా సస్పెండ్ చేస్తే ఆ రోజు నుంచే ఆ వ్యక్తి పార్ట్‌నర్‌గా కొనసాగరని రాయాలి. ఈ క్లాజు రెడీమేడ్ డీడ్‌లో ఎక్కడా ఉండదు.

సంతకం అధికారం: చెక్కు ఎవరు, అప్పు ఎవరు, ఎంత దాటితే ఇద్దరూ.

ఇక పనుల వరస:

(1) కౌన్సిల్ పేరు ఆమోదం, మీ వృత్తికి వర్తిస్తే.
(2) స్టాంపు పేపర్ మీద డీడ్, అందరి సంతకాలు, సాక్షులు.
(3) ఫర్మ్ పాన్.
(4) జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ఫర్మ్ రిజిస్ట్రేషన్. మన రాష్ట్రంలో రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ పని స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖదే. దరఖాస్తు మీద పార్ట్‌నర్లందరి సంతకాలు ఉండాలి.
(5) కరెంటు అకౌంట్.
(6) కౌన్సిల్‌కు ఫర్మ్ వివరాలు. సీఏలు ఫర్మ్ మొదలైన 30 రోజుల్లో ఫారం 18 వేయాలి.
(7) జీఎస్టీ, వృత్తి పన్ను, ట్యాన్ (టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పన్ను కోసే సంస్థకు ఉండాల్సిన నంబరు).

ముహూర్తం చూసుకునేవాళ్లు డీడ్ సంతకానికి మంచి రోజు పెట్టుకోవచ్చు, ఆ తేదీ మీ చేతిలో ఉంటుంది. కానీ ముహూర్తం కోసం పాత తేదీ వేయకండి. ఎల్‌ఎల్‌పీ, కంపెనీల పుట్టిన తేదీ మాత్రం వాటిని రిజిస్టర్ చేసే ప్రభుత్వ కేంద్రం ఆమోదించిన రోజే, మనం ఎంచుకోలేం. అలాంటప్పుడు ఆఫీసు ప్రారంభానికి ముహూర్తం పెట్టుకోవడం నయం.

8. ఎల్‌ఎల్‌పీ: వరస తప్పితే డబ్బు, టైం రెండూ పోతాయి

కనీసం ఇద్దరు డెజిగ్నేటెడ్ పార్ట్‌నర్లు (చట్టం అడిగే ఫారాలు, నిబంధనలకు బాధ్యులు) కావాలి. ఒకరైనా భారతదేశ నివాసి అయి ఉండాలి, అంటే ఆ ఆర్థిక సంవత్సరంలో కనీసం 120 రోజులు ఇక్కడ ఉన్నవారు.

మొదటి మెట్టు: కౌన్సిల్ ఆమోదం. పేరులో "చార్టర్డ్ అకౌంటెంట్స్" లాంటి మాట ఉన్నా, కౌన్సిల్ నియంత్రణలో ఉన్న వృత్తి చేయడమే ఉద్దేశమైనా ఈ లేఖ లేకుండా ముందుకు వెళ్లకండి. చాలామంది నేరుగా కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో పేరు రిజర్వు చేస్తారు, కౌన్సిల్ ఆ పేరు కాదంటుంది, కట్టిన ఫీజు పోతుంది.

రెండు: పార్ట్‌నర్లకు డిజిటల్ సంతకాలు.

మూడు: రన్-ఎల్‌ఎల్‌పీ ఫారంలో పేరు. ఆమోదం మూడు నెలలు ఉంటుంది.

నాలుగు: ఫిల్లిప్ ఫారం, అంటే ఎల్‌ఎల్‌పీ ఏర్పాటు దరఖాస్తు. గుర్తింపు నంబర్లు, పాన్, ట్యాన్ ఇందులోనే వస్తాయి. రిజిస్టర్డ్ ఆఫీసు కాగితాలు ఇక్కడ జతచేయాలి.

ఐదు: ఎల్‌ఎల్‌పీ ఒప్పందం. సంస్థ ఏర్పడిన 30 రోజుల్లో ఫారం 3 వేయాలి. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. సర్టిఫికెట్ చేతికి వచ్చింది కదా అని ఒప్పందం వాయిదా వేస్తారు, గడువు దాటుతుంది, ఆలస్యపు ఫీజు పెరుగుతూ పోతుంది. ఒప్పందం ముసాయిదా ఫిల్లిప్ వేయక ముందే పూర్తి చేసి పెట్టుకోండి. ఏడో భాగంలో చెప్పిన క్లాజులన్నీ దీనికీ కావాలి.

ఆ తర్వాత బ్యాంకు, కౌన్సిల్‌కు సమాచారం, జీఎస్టీ. టర్నోవరు 40 లక్షలు దాటినా, కంట్రిబ్యూషన్ (పార్ట్‌నర్లు పెట్టిన మూలధనం) 25 లక్షలు దాటినా ఖాతాల ఆడిట్ తప్పనిసరి.

ఇప్పటికే పార్ట్‌నర్‌షిప్ ఉంటే ఫారం 17తో ఎల్‌ఎల్‌పీగా మార్చుకోవచ్చు. మార్పిడికి ముందున్న అప్పులకు, బాధ్యతలకు మాత్రం పార్ట్‌నర్లు సొంతంగా జవాబుదారులుగానే ఉంటారు.

9. ఆసుపత్రి కోసం కంపెనీ

స్పైస్ ప్లస్ ఫారంలో పేరు, ఇన్‌కార్పొరేషన్, పాన్, ట్యాన్, బ్యాంకు ఖాతా, ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు కలిపి వస్తాయి. కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు. 30 రోజుల్లో మొదటి బోర్డు మీటింగు, మొదటి ఆడిటర్ నియామకం. వాటా డబ్బు బ్యాంకులో వేసి 180 రోజుల్లో ఐఎన్‌సీ-20ఏ (వ్యాపారం మొదలుపెడుతున్నామనే ప్రకటన ఫారం) వేయాలి. అది వేయకుండా వ్యాపారం మొదలుపెట్టడం కానీ అప్పు తీసుకోవడం కానీ కుదరదు. టర్నోవరు ఎంత తక్కువైనా ఆడిట్ ఉంటుంది.

డాక్టర్లు ఎలా డబ్బు తీసుకుంటారో మొదటి నెలలోనే రాసుకోండి: కన్సల్టెంట్ ఫీజా, జీతమా. వాటా శాతం వేరు, పని చేసినందుకు ఇచ్చే ఫీజు వేరు. ఆ రెండూ కలిపేస్తే ఎక్కువ ఆపరేషన్లు చేసే సర్జన్, తక్కువ చేసే ఫిజీషియన్ మధ్య రెండో ఏడాదికే గొడవ వస్తుంది.

10. ఊళ్లో తీసుకోవాల్సిన అనుమతులు

క్లినిక్, నర్సింగ్ హోమ్: రాష్ట్ర 2002 ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్, దరఖాస్తు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయం ద్వారా. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల కింద కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్. బెడ్లు లేని క్లినిక్‌కు కూడా కావాలి, అయితే వాళ్లకు ఒక్కసారి తీసుకుంటే చాలు. అల్ట్రాసౌండ్ ఉంటే పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్. ఎక్స్-రే ఉంటే అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు. ఫార్మసీ ఉంటే డ్రగ్ లైసెన్సు సంస్థ పేరు మీద.

ఆఫీసులైతే: జీవీఎంసీలో ఆస్తి పన్ను వినియోగం మార్పు, మీకు వర్తించే చోట ట్రేడ్ లైసెన్సు. స్టాఫ్ ఉంటే షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నమోదు గురించి కార్మిక శాఖలో అడగండి.

11. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

రిజిస్టర్ చేయని ఫర్మ్. 1932 చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫీజు ఎగ్గొట్టిన క్లయింటు మీద ఒప్పందం ఆధారంగా ఫర్మ్ దావా వేయలేదు. దావా వేశాక రిజిస్టర్ చేసినా ఆ దావా నిలబడదు. కాలపరిమితి మిగిలి ఉంటే ముందు రిజిస్టర్ చేసి కొత్తగా దావా వేయాలి.

సంస్థ మారింది, మెషీన్ అనుమతి మారలేదు. ఇది చాలా ప్రమాదం. డాక్టరు పేరు మీద ఉన్న స్కానింగ్ సెంటర్‌ను కంపెనీకి ఇచ్చారు, పీసీపీఎన్‌డీటీ రిజిస్ట్రేషన్ పాతదే ఉంచారు. ఆ రిజిస్ట్రేషన్ బదిలీ కాదు. యాజమాన్యం మారే ముందే పాతది అప్పగించి కొత్తది తీసుకోవాలి. కొత్తది వచ్చేదాకా మెషీన్ ఆపండి, పేషెంట్లు అడిగినా సరే.

పార్ట్‌నర్లకు టీడీఎస్ మర్చిపోవడం. 2025 ఏప్రిల్ 1 నుంచి పార్ట్‌నర్‌కు ఇచ్చే రెమ్యునరేషన్, వడ్డీ ఏడాదిలో 20 వేలు దాటితే ఫర్మ్ 10 శాతం కోయాలి. ఎల్‌ఎల్‌పీకి కూడా ఇది వర్తిస్తుంది. నెల నెలా తీసుకునేది రెమ్యునరేషన్ ఖాతాలో రాస్తున్నారా, డ్రాయింగ్స్‌లోనా (సొంత వాటాలోంచి తీసుకునే డబ్బు ఖాతాలోనా) అని మీ అకౌంటెంటును ఇప్పుడే అడగండి.

వెళ్లిపోయిన పార్ట్‌నర్ పేరు బోర్డు మీద అలాగే ఉండటం. పబ్లిక్ నోటీసు ఇచ్చేదాకా బయటివారి దృష్టిలో ఆయన ఇంకా పార్ట్‌నరే. నోటీసు, రిజిస్ట్రార్‌కు సమాచారం, బ్యాంకుకు లేఖ, లెటర్‌హెడ్ మార్పు ఒకే వారంలో చేయండి.

కొత్త సంస్థ వచ్చాక కూడా పాత పాన్ మీద బిల్లులు. క్లయింటు టీడీఎస్ పాత పాన్‌కు వెళుతుంది, ఆదాయం కొత్త సంస్థలో ఉంటుంది. ఒక తేదీ నిర్ణయించి, క్లయింట్లందరికీ ముందే కొత్త పాన్, కొత్త ఖాతా వివరాలతో లేఖ పంపండి. పొరపాటున వెళ్లినవాటికి క్లయింటు చేత టీడీఎస్ రిటర్న్ సవరించమనండి.

12. మొదటి ఏడాది గోడ మీద అతికించుకోవాల్సిన తేదీలు

• ఎల్‌ఎల్‌పీ ఫారం 3: ఏర్పడిన 30 రోజుల్లో
• సీఏ ఫర్మ్ ఫారం 18: 30 రోజుల్లో
• కంపెనీ ఐఎన్‌సీ-20ఏ: 180 రోజుల్లో
• ప్రిజంప్టివ్ పద్ధతి వారికి అడ్వాన్స్ టాక్స్: మార్చి 15, ఒకే వాయిదా
• ఎల్‌ఎల్‌పీ ఫారం 11 (వార్షిక రిటర్న్): మే 30
• ఎల్‌ఎల్‌పీ ఫారం 8 (ఖాతాల స్టేట్‌మెంట్): అక్టోబరు 30
• కౌన్సిల్ వార్షిక ఫీజు, ఇండెమ్నిటీ పాలసీ రెన్యువల్: మీ కాగితాల మీద ఉన్న తేదీ

ఆదాయం లేకపోయినా ఎల్‌ఎల్‌పీ ఫారాలు వేయాల్సిందే. ప్రాక్టీసు మొదలవలేదని వదిలేసిన ఎల్‌ఎల్‌పీ ఉంటే బాకీ ఫారాలు పూర్తి చేయండి. ఇక నడపడం లేదనుకుంటే ఫారం 24తో మూసేయండి. అలా వదిలేసినంత కాలం ఆలస్యపు ఫీజు పెరుగుతూనే ఉంటుంది.